కలే జట్టు, కప్పు ఫైనల్, మన రేపటి మ్యాచ్

(సికింద్రాబాద్‌లో వేసవి ఫుట్‌బాల్ శిబిరం చివరి రోజున చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. రోజూ తెల్లవారకముందే పిల్లల్ని లేపి గ్రౌండ్‌కి తీసుకొచ్చిన అమ్మలకీ నాన్నలకీ ముందుగా నా దండాలు. నలభై రోజులు ఎండలో పరుగెత్తింది మీరు. కాబట్టి పిల్లలూ, అలా చెట్టు నీడలోకి జరగండి, నీళ్లు తాగుతూ వినండి.

రేపు మన పెద్ద బ్యాచ్‌కి పై డివిజన్ జట్టుతో మ్యాచ్ ఉంది. ఆ జట్టు ఏదో తెలిసినప్పటి నుంచి కొందరికి సరిగా నిద్ర పట్టడం లేదని కోచ్ గారు చెప్పారు. ఇందాక గేటు దగ్గర ఒక అబ్బాయి నన్ను ఆపి, "సార్, మనకి ఎన్ని గోల్స్ పడతాయి?" అని అడిగాడు. వాడి మొహంలో టెన్షన్ చూశాక, నేను రాసుకొచ్చిన కాగితం జేబులో పెట్టేశాను. వాడికే జవాబు చెబుతాను, మిగతావాళ్లు కూడా వినండి.

ముందు నా సంగతి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పగలు బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రం కాలనీ జట్టులో ఆట. లెఫ్ట్ హాఫ్‌లో ఆడేవాణ్ణి. మా జట్టులో ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, ఒక ఆటో డ్రైవర్, ఇలా అందరం తలో పనిలోంచి వచ్చేవాళ్లం. ఒక నాకౌట్ టోర్నమెంట్‌లో మాకు నగరంలోని పెద్ద జట్టు ఒకటి తగిలింది. వాళ్లకి ఆటే ఉద్యోగం. వాళ్లు బస్సు దిగి వార్మప్ చేస్తుంటే మేం మా వార్మప్ మానేసి చూస్తూ నిలబడ్డాం. అదే మా మొదటి తప్పు.

ఆట మొదలైన ఐదు నిమిషాలకి నాకు బంతి వచ్చింది. మంచి పాసే. ఎడమ కాలితో ఆపాను, తల ఎత్తాను, ఎవరికి ఇద్దామా అని చూశాను. కాలి దగ్గర బంతి లేదు. వాళ్ల కుర్రాడు నన్ను తాకను కూడా తాకలేదు, బంతి మాత్రం తీసుకెళ్లిపోయాడు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. హాఫ్ టైమ్‌కి మూడు గోల్స్ పడ్డాయి, మొత్తం ఐదు. వాళ్లు మనకన్నా జోరుగా పరుగెత్తుతారు, అందుకే ఓడిపోయాం అని నేను అనుకున్నాను.

మ్యాచ్ అయ్యాక వాళ్ల సెంటర్ హాఫ్ నా పక్కనే గడ్డి మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. వయసులో నాకన్నా చాలా పెద్ద. నేను అడగలేదు, ఆయనే అన్నాడు: "తమ్ముడూ, నీ కాలు బాగుంది. కానీ నువ్వు బంతి వచ్చాక చూస్తున్నావు. బంతి రాకముందే చూడు. ఇటు ఒకసారి, అటు ఒకసారి. అప్పుడు బంతి వచ్చేసరికే ఎటు ఇవ్వాలో నీకు తెలిసి ఉంటుంది."

అప్పటికి ఆరేళ్లుగా రోజూ సాయంత్రం ఆడుతున్నాను. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. మా గ్రౌండ్‌లో చెప్పగలిగినవాళ్లు లేరు. బంతి వచ్చాక చూసినా మాలో మాకు సరిపోయేది, ఎందుకంటే నా మీదికి వచ్చేవాడు కూడా ఆలస్యంగానే వచ్చేవాడు. వాళ్లకీ మాకూ తేడా కాళ్లలో లేదు, బంతి రాకముందు చూసే ఆ రెండు సెకన్లలో ఉంది. అయిదు గోల్స్ తింటే తప్ప నాకు అది తెలిసిరాలేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఫ్రాన్స్ తీసుకెళ్తాను. ఉత్తరాన సముద్రం ఒడ్డున కలే అని ఒక ఊరుంది. ఓడరేవు. ఇంగ్లండ్ వెళ్లే పడవలు అక్కడి నుంచే బయల్దేరతాయి. మనకి నర్సాపురం ఎలాగో ఫ్రాన్స్‌కి కలే అలాగ, లేసుకి పేరున్న ఊరు. కాకపోతే మన దగ్గర ఆడవాళ్లు చేత్తో అల్లుతారు, అక్కడ మిషన్ల మీద నేస్తారు. అప్పట్లో జనాభా 75 వేల పైచిలుకు. 1999లో ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు నాలుగో డివిజన్‌లో, అంటే పైనుంచి నాలుగో మెట్టు మీద ఉండేది. ఆటగాళ్లలో రేవులో పనిచేసేవాళ్లు ఉన్నారు, టీచర్లు ఉన్నారు, ఆఫీసు గుమస్తాలు ఉన్నారు. కోచ్ పేరు లాడిస్లాస్ లొజానో.

ఫ్రాన్స్‌లో లీగ్ కాకుండా ఫ్రెంచ్ కప్పు అని ఒక నాకౌట్ టోర్నమెంట్ ఉంది. వందేళ్ల పైబడిన టోర్నమెంట్ అది. అందులో ఎవరైనా ఆడొచ్చు. పల్లెటూరి ఆదివారం జట్టు దగ్గర్నుంచి పారిస్ జట్టు దాకా ఏటా వేల క్లబ్బులు పేరిస్తాయి. ఎక్కడో హిందూ మహాసముద్రంలో ఉన్న రీయూనియన్ నుంచి, పసిఫిక్‌లో ఉన్న తహితి నుంచి కూడా జట్లు విమానమెక్కి వస్తాయి. మన యానాం 1954 దాకా ఫ్రాన్స్ చేతిలోనే ఉంది కదా, ఆ కప్పు గురించి చదివినప్పుడల్లా నాకు గోదావరి ఒడ్డున యానాం కుర్రాళ్లు గుర్తొస్తారు. చిన్న జట్లు ముందు రౌండ్లలో తమలో తాము ఆడి వడపోతకి నిలబడతాయి, పెద్ద జట్లు తర్వాత రౌండ్లలో వచ్చి కలుస్తాయి. చీటీలు తీస్తారు. చీటీలో ఏ పేరు వస్తే ఆ జట్టుతో ఆడాలి, డివిజన్ చూడరు. పైగా రెండు డివిజన్ల తేడా ఉంటే పెద్ద జట్టే చిన్న జట్టు ఊరికి వచ్చి ఆడాలని నియమం. నాకు ఆ నియమం అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. మన వీధిలోకి వాళ్లు వస్తారు, మన గడ్డి మీద ఆడతారు, మన అమ్మానాన్నలు నడిచి వచ్చి చూస్తారు.

ఆ సీజన్‌లో కలే జట్టు కింది రౌండ్లన్నీ దాటుకుని వచ్చింది. తర్వాత లీల్ జట్టు తగిలింది. లీల్ అప్పుడు రెండో డివిజన్‌లో ఉంది, ఆ సీజన్ చివర్లో మొదటి డివిజన్‌కి ఎక్కింది కూడా. మ్యాచ్ 1-1. పెనాల్టీ షూటౌట్‌లో కలే 7-6తో నెగ్గింది. ఆ తర్వాత కాన్, అదే సినిమా పండగ జరిగే ఊరు, ఆ జట్టుదీ రెండో డివిజన్. అదీ షూటౌట్ దాకా వెళ్లింది, అదీ నెగ్గారు. క్వార్టర్ ఫైనల్లో స్ట్రాస్‌బర్గ్, మొదటి డివిజన్ జట్టు. 2-1.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇలాంటి గెలుపు చూడగానే పేపర్లవాళ్లు అద్భుతం అంటారు. నాకు ఆ మాట నచ్చదు. అద్భుతం అనేస్తే ఇక ఆలోచించే పని లేదు. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ పడతాయి. బాస్కెట్‌బాల్‌లో ఒక మ్యాచ్‌లో బంతి పదుల సార్లు బుట్టలో పడుతుంది, కాబట్టి ఎవరు మెరుగో మ్యాచ్ అయ్యేసరికి తేలిపోతుంది. మన ఆటలో తొంభై నిమిషాలకి రెండు జట్లవీ కలిపినా సగటున రెండో మూడో గోల్స్. పెద్ద జట్టు ఇరవై సార్లు మీ బాక్స్‌లోకి వచ్చినా, మీరు లైన్ చెడకుండా నిలబడితే స్కోరు సున్నాగానే ఉంటుంది. లీగ్‌లో 34 మ్యాచ్‌లు ఆడించండి, కలే జట్టు స్ట్రాస్‌బర్గ్ పైన ఎప్పటికీ ఉండదు. ఒక్క సాయంత్రం ఆడించండి, ఉండొచ్చు. ఇక షూటౌట్‌లో అయితే డివిజన్లు దాదాపు చెరిగిపోతాయి. పదకొండు మీటర్ల దూరం, ఒక బంతి, ఒక కీపర్. ఆ దూరం నాలుగో డివిజన్‌లోనూ అంతే, మొదటి డివిజన్‌లోనూ అంతే.

కానీ ఈ లెక్క కూడా సరిపోని మ్యాచ్ ఒకటుంది. సెమీ ఫైనల్. ఎదురుగా బోర్డో. 1999లో ఫ్రాన్స్ లీగ్ ఛాంపియన్. ఆ సీజన్ బోర్డో జట్టులో సిల్వాన్ విల్తోర్ ఉన్నాడు, మూడు నెలలు తిరక్కుండానే యూరప్ దేశాల కప్పు యూరో 2000 ఫైనల్లో ఆఖరి క్షణాల్లో ఇటలీ మీద గోల్ కొట్టి ఫ్రాన్స్‌ని ఓటమి నుంచి తప్పించినవాడు. కలే సొంత గ్రౌండ్ ఇంత మ్యాచ్‌కి చాలదు, అందుకని అదే ప్రాంతంలో ఉన్న లాన్స్ ఊరి స్టేడియంలో ఆడారు. తొంభై నిమిషాలకి గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్.

పిల్లలూ, ఎవరైనా ఏమనుకుంటారు? పగలంతా పనిచేసి సాయంత్రం ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఎక్స్‌ట్రా టైమ్‌లో కాళ్లు పట్టేస్తాయి, ఛాంపియన్లు తేలిగ్గా కొట్టేస్తారు అనుకుంటాం. నేనూ అదే అనుకునేవాణ్ణి. కలే ముందు కొట్టింది. బోర్డో సమం చేసింది. సమం అయ్యాకైనా చిన్న జట్టు కుంగిపోవాలి. కలే ఇంకోటి కొట్టింది, ఆపైన ఇంకోటి. 3-1. అలసటలో మూడు గోల్స్. ఇక్కడ అదృష్టం అనే మాట చెల్లదు. ఏళ్ల తరబడి పని దిగాక చలిలో, వానలో గ్రౌండ్‌కి వచ్చినవాళ్లకే నూట పదో నిమిషంలో అలాంటి కాళ్లు ఉంటాయి. మీరు ఈ నలభై రోజులు ఆఖరి రౌండ్ కూడా ఆగకుండా పరుగెత్తారు చూడండి, కొందరు ఏడుస్తూ కూడా పరుగెత్తారు, అది ఎందుకో ఈ మ్యాచ్ చెబుతుంది.

ఫైనల్ 2000 మే 7న. స్టాడ్ ద ఫ్రాన్స్‌లో. 1998 జూలై 12న జిదాన్ జట్టు బ్రెజిల్‌ని 3-0తో కొట్టి ప్రపంచ కప్పు ఎత్తిన గడ్డి అదే. ఆ స్టేడియంలో పట్టే జనం సుమారు 80 వేలు. అంటే కలే ఊరు ఊరంతా వచ్చి కూర్చున్నా ఇంకా కొన్ని వేల కుర్చీలు మిగులుతాయి. ఎదురుగా నాంత్ జట్టు. అంతకుముందు ఏడాది ఈ కప్పు వాళ్లదే. కానీ ఆ సీజన్‌లో లీగ్‌లో కిందికి జారి, రెండో డివిజన్‌కి పడిపోతామేమోనన్న భయంలో ఉన్నారు. అందుకే వాళ్లకీ అది మామూలు మ్యాచ్ కాదు.

34వ నిమిషంలో గోల్ పడింది. కొట్టింది కలే. జెరోమ్ ద్యుతీత్ర. హాఫ్ టైమ్‌కి నాలుగో డివిజన్ జట్టు 1-0తో ముందుంది, జాతీయ కప్పు ఫైనల్లో. ఆ పదిహేను నిమిషాలు డ్రెస్సింగ్ రూమ్‌లో వాళ్లు ఎలా కూర్చుని ఉంటారో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. నీళ్ల సీసా చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయి ఉంటారు.

రెండో సగం మొదలైన అయిదు నిమిషాలకే నాంత్ సమం చేసింది. కొట్టినవాడు ఆంత్వాన్ సిబియెర్‌స్కీ. ఆయన పుట్టింది లీల్‌లో, కలేకి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంటే ఆ ప్రాంతం కుర్రాడే. ఆ తర్వాత నలభై నిమిషాలు కలే కాచుకుంది. 90వ నిమిషంలో రిఫరీ నాంత్‌కి పెనాల్టీ ఇచ్చాడు. అది ఇవ్వదగ్గదా కాదా అని ఆ ఊరివాళ్లు చాలా ఏళ్లు వాదించుకున్నారు. వాదించుకోవాలి కూడా, ప్రాణం పెట్టి ఆడినవాళ్లకి ఆ హక్కు ఉంది. కొట్టడానికి మళ్లీ సిబియెర్‌స్కీ వచ్చాడు. గోల్. 2-1. అయిపోయింది.

నేను మీకు చూపించాలనుకున్నది దాని తర్వాతి దృశ్యం. నాంత్ కెప్టెన్ గోల్ కీపర్, మికాయెల్ లాంద్రో. వయసు ఇరవై. ఇంకో వారంలో ఇరవై ఒకటి వస్తాయి. మీలో పెద్దవాళ్లకన్నా నాలుగేళ్లు పెద్ద, అంతే. కప్పు అందుకోవడానికి పై గ్యాలరీకి ఎక్కాలి. అక్కడ ఫ్రాన్స్ అధ్యక్షుడు ఉన్నాడు, టీవీలో దేశం చూస్తోంది. లాంద్రో ఒక్కడే వెళ్లలేదు. ఓడిన జట్టు కెప్టెన్ రెజినాల్ బెక్‌ని చెయ్యి పట్టి తనతో తీసుకెళ్లాడు. కప్పుకి ఒక పక్క తన చెయ్యి, ఇంకో పక్క బెక్ చెయ్యి. ఇద్దరూ కలిసి ఎత్తారు.

ఆ కుర్రాడు జాలితో అలా చేశాడని నేను అనుకోను. తొంభై నిమిషాలు గోల్‌లో నిలబడి కలే ఆటగాళ్లు ఎలా ఆడారో అందరికన్నా దగ్గరగా చూసింది అతనే. ఎంత కష్టపెట్టారో అతనికి తెలుసు. 2018లో కూడా ఇలాగే జరిగింది. లె జెర్బియే అని మూడో డివిజన్ జట్టు ఫైనల్‌కి వచ్చి పారిస్ చేతిలో 2-0తో ఓడితే, పారిస్ కెప్టెన్ తియాగో సిల్వా వాళ్ల కెప్టెన్‌ని పిలిచి కప్పు ఎత్తించాడు. ఎదురుగా నిలబడి ఆడినవాళ్ల మధ్యే ఇలాంటి గౌరవం పుడుతుంది.

కలే క్లబ్బు తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, దాచిపెడితే మీకు అన్యాయం చేసినట్టు. ఆ ఊళ్లో 2008లో పన్నెండు వేల మంది పట్టే కొత్త స్టేడియం తెరిచారు. ఆ కప్పు ప్రయాణం గుర్తుగా దానికి ఇతిహాసం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కానీ క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయి 2017లో మూతపడింది. తలుచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది. ఒక్క గొప్ప సీజన్ ఒక క్లబ్బుని ఏళ్ల తరబడి పోషించలేదు. క్లబ్బుని నడిపేది చందాలు కట్టేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, గ్రౌండ్‌కి నీళ్లు పట్టేవాళ్లు. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లు ఈ ముక్క కాస్త గట్టిగా వినాలని నా కోరిక.

ఇక మన సంగతి. ఈ ఊరికి ఇలాంటి కథలు కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. పోలీసు ఉద్యోగులు వాళ్లు. వాళ్లని తయారుచేసిన ఎస్.ఎ.రహీమ్ గారు బడిపంతులు. ఆయనే కోచ్‌గా 1960 రోమ్ ఒలింపిక్స్‌కి భారత జట్టు వెళ్లింది. అక్కడ ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసింది. హంగరీ చేతిలో 2-1తో ఓడింది, ఆ ఒక్క గోల్ కొట్టింది తులసీదాస్ బలరాం. ఇక్కడికి ఎంతో దూరం లేదు, మన అమ్ముగూడలో పుట్టినవాడు. హంగరీ అంటే ఆ రోజుల్లో ప్రపంచమంతా భయపడే జట్టు. 2-1 అంటే తేడా ఒక్క గోల్. ఎదురుగా ఆడారు కాబట్టే ఆ తేడా ఎంతో వాళ్లకి తెలిసింది. రెండేళ్లకే 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో అదే రహీమ్ గారి జట్టు బంగారు పతకం తెచ్చింది.

నా బాధల్లా ఒకటే. ఇవాళ మన దేశంలో చిన్న క్లబ్బు చీటీ వేసి పెద్ద క్లబ్బుతో ఆడే దారి లేదు. డ్యూరాండ్ కప్పు చాలా పాతది, గొప్పది, కానీ అందులో ఆడాలంటే పిలుపు రావాలి. కాలనీ జట్టు కుర్రాడికి పై లీగ్ ఆటగాడు టీవీలోనే కనిపిస్తాడు. టీవీలో చూస్తే ఆ రెండు సెకన్లు కనిపించవు. నా సెంటర్ హాఫ్ అన్న టీవీలోంచి దిగివచ్చి నా పక్కన గడ్డి మీద కూర్చోలేడు. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి జిల్లా జట్టూ పేరిచ్చి, చీటీ తీసి ఆడే ఒక కప్పు ఉంటే ఎంత బాగుంటుందో. పల్నాడులో ఒక ఊరి జట్టు మీదికి హైదరాబాద్ జట్టు బస్సులో వెళ్లి ఆడటం నేను బతికుండగా చూడాలని ఉంది. అది రాసి ఫుట్‌బాల్ సంఘం పెద్దలకి ఇచ్చాను, మళ్లీ ఇస్తాను, ఇస్తూనే ఉంటాను.

అందాకా మన కోచ్ గారు చేసిన పని చూడండి. తనే నాలుగు ఫోన్లు చేసి, తెలిసినవాళ్లని పట్టుకుని, రేపటి మ్యాచ్ కుదిర్చారు. ఆయనకి ఒకసారి చప్పట్లు కొట్టండి.

(చప్పట్లు)

బాబూ, గేటు దగ్గర అడిగావే, నువ్వు ఎక్కడ కూర్చున్నావు? చెయ్యెత్తు. ఆఁ. ఎన్ని గోల్స్ పడతాయో నాకు తెలీదు నాన్నా. ఒకటి పడొచ్చు, ఆరు పడొచ్చు. నువ్వు ఏ పొజిషన్? రైట్ బ్యాక్. సరే. రేపు బంతి నీ వైపు రాకముందు రెండు భుజాల మీదుగా ఒక్కోసారి వెనక్కి చూడు. ఇలా, మెడ తిప్పి. మొదట్లో మరిచిపోతావు, పర్వాలేదు. నేను నీ వైపు టచ్ లైన్ పక్కనే నిలబడతాను. నువ్వు ఎన్నిసార్లు చూశావో లెక్కపెట్టి హాఫ్ టైమ్‌లో చెబుతాను.

రేపు పొద్దున ఆరుంబావుకల్లా అందరూ ఇక్కడ ఉండండి, బస్సు ఆరున్నరకి. షిన్ గార్డ్స్ లేనివాళ్లు ఈ సాయంత్రమే కోచ్ గారికి చెప్పండి, నా దగ్గర రెండు జతలు అదనంగా ఉన్నాయి. రాత్రి తొమ్మిదికి పడుకోండి. వార్మప్‌లో వాళ్ల వైపు చూస్తూ నిలబడకండి, మన వార్మప్ మనం పూర్తిగా చేద్దాం. మ్యాచ్ అయ్యాక ఎవరూ వెంటనే బస్సెక్కొద్దు. మీకు ఎదురుగా ఎవరు ఆడారో వాళ్ల దగ్గరికి వెళ్లి, "అన్నా, నేను ఎక్కడ తప్పు చేశాను?" అని అడగండి. అడిగింది మరిచిపోకముందే వచ్చి నాకు చెప్పండి, నేను కాగితం, పెన్ను పట్టుకుని బస్సు మెట్ల దగ్గర ఉంటాను.